అఫిడవిట్‌లో అందరిదీ వ్యవసాయమే, ఎమ్మెల్యే అయ్యాక ఆ పొలం ఎవరు చేస్తున్నారు?

నల్లరేగడి
ఎన్నికలొచ్చినప్పుడల్లా అభ్యర్థుల అఫిడవిట్లు డౌన్‌లోడ్ చేసి చదవటం నాకో పిచ్చి. ఫారం 26లో వృత్తి అన్న చోటికొచ్చేసరికి నవ్వాగదు. కాంట్రాక్టులున్నాయన వ్యవసాయం అంటాడు, కాలేజీలున్నాయన వ్యవసాయం అంటాడు, మొన్న ఒకాయనకి క్రషరూ పెట్రోలు బంకూ ఉండి కూడా ముందు వ్యవసాయం అనే రాశాడు. అసెంబ్లీ నిండా రైతులే అయితే మరి మా నాన్న మిర్చి టిక్కీలేసుకుని యార్డులో రేటు కోసం చెట్టుకింద పడుకోవటం ఏందో నాకర్థం కాదు. సరే తిట్టటం ఎప్పుడూ ఉండేదే గానీ నాకు తెలుసుకోవాలని ఉంది, నిజంగా మడిలో దిగి, మోటరేసుకుని, మందు కొట్టుకుని బతికిన మనిషి ఎమ్మెల్యే అయితే ఆయన బతుకు ఎట్టా మారిద్ది? ముఖ్యంగా ఆ పొలం ఏమయిద్ది? మీకు తెలిసినోళ్ళుంటే చెప్పండి. పార్టీ గొడవలొద్దు.

బెజవాడ_బుల్లోడు
ఎమ్మెల్యేల టాపిక్ పెట్టి పార్టీ గొడవలొద్దు అన్నావ్ చూడు, నీ ధైర్యానికో దండం

పొద్దుతిరుగుడు
వ్యవసాయం అని రాసేది ప్రేమతో కాదు బ్రో. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. మిగతా వ్యాపారాల్లో వచ్చింది కూడా ఆ పొలంలోనే పండినట్టు చూపిస్తే అడిగేవాడు లేడు. మా నాన్న పొలంలో మాత్రం ఎందుకో అంత పండదు, విత్తనంలో తేడా అయ్యుంటది.

ఇల్లెందు_క్రాస్‌రోడ్
ఈ టాపిక్ పెట్టి గుమ్మడి నర్సయ్య పేరు తియ్యకపోతే ఎట్ల? ఇల్లెందు నుంచి 1983, 85, 89, 99, 2004, అయిదు సార్లు గెలిచిండు. నడిమిట్ల 94ల ఓడిండు, ఆఖర్న 2009ల ఓడిండు. ఎమ్మెల్యే జీతం పార్టీకి కట్టి పార్టీ ఇచ్చే దాంతోని ఎల్లదీసిండు. అసెంబ్లీకి బస్సుల పోయిండు, పదవి పోయినంక హైదరాబాదుల బంగ్లా చూసుకొని కూసోలె, సొంతూరికే వచ్చి ఎవుసం చేసుకుంటుండు. ఇగ నీ ప్రశ్నకి జవాబు ఇదే, పొలం ఏమైంది అంటే ఆయనతోనే ఉంది.

బెజవాడ_బుల్లోడు
నర్సయ్య గారంటే నాకూ గౌరవమే, కాదనేవాడు ఎవడూ లేడు. కానీ ఒక్క మనిషిని చూపించి అదే జవాబు అంటే ఎలా? ఆయన వెనక ఒక పార్టీ ఉంది, జీతం తీసుకున్నా ఇంటి ఖర్చుకి లెక్క చూసింది పార్టీ. ఏ పార్టీ పోషణా లేని మామూలు రైతు, రెండెకరాలవాడు, ఎమ్మెల్యే అయ్యి అదే రెండెకరాలతో బయటికొచ్చిన కేసు చూపించండి.

ఇల్లెందు_క్రాస్‌రోడ్
పోషణ అంటవేంది, జీతం ఇచ్చింది ఆయన, తీసుకుంది పార్టీ. ఉల్టా చెప్తున్నవ్.

పాతపేపర్
కొంచెం వెనక్కి వెళ్దాం. మన దగ్గర రైతు నాయకులు అని పేరుపడ్డ మొదటి తరం ఎమ్మెల్యేలు చాలామంది పెద్ద భూస్వాముల పిల్లలు, ఇది మర్చిపోతే కథ తలకిందులవుతుంది. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది నెల్లూరు జిల్లా అలగానిపాడులో, కలిగిన ఇంట్లో. మొదట రాజ్యసభ, తర్వాత 1955లో గన్నవరం నుంచి అసెంబ్లీ, 62లో మళ్ళీ గన్నవరమే, మళ్ళీ 78లో అక్కడినుంచే. సైకిలు మీద సభకి వెళ్ళేవాడని అందరూ చెప్పుకుంటారు గానీ నా దృష్టిలో దానికంటే పెద్ద విషయం తన వాటా ఆస్తి వదులుకోవడం. నల్లగొండ వైపు రావి నారాయణరెడ్డి, ఆయనదీ భూస్వామి కుటుంబమే, సొంత భూమి పంచాడు, 1952లో పార్లమెంటుకి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు, 57లో భువనగిరి నుంచి అసెంబ్లీకి వచ్చాడు. అంటే వీళ్ళు రైతులై ఎమ్మెల్యేలు కాలేదు, భూమి వదులుకుని రైతుల మనుషులయ్యారు. నల్లరేగడి అడిగింది దీనికి పూర్తిగా ఎదురు ప్రశ్న.

సీమ_సిన్నోడు
తరిమెల నాగిరెడ్డిని ఇడిస్తివే అన్నా. 1952లో అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడగొట్న్యాడు, అదీ జైల్లో ఉండి పోటీ జేసి. మళ్ళ 1969లో ఈ అసెంబ్లీతో అయ్యేది గాదు అని రాజీనామా పారేసి ఎల్లిపాయ. మావూర్ల ముసిలోల్లు ఇప్పటికీ ఆ మాట జెప్పుకుంటారు.

పాతపేపర్
విడవలేదు తమ్ముడూ, ఆయనదీ అదే కోవ అని ఊరుకున్నా. పెద్ద భూమి ఉన్న ఇల్లే. మన పాయింటు ఏంటంటే భూమి ఉన్నవాడు వదులుకోవడం ఒక కథ, లేనివాడు ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో కథ. రెండోదాని గురించి పత్రికల్లో పెద్దగా రాయలేదు.

కౌలుకుర్రాడు
మూడో కథ కూడా ఉంది, ఉన్నది పెంచుకోవడం. అది బోలెడంత రాశారు 😂

మాజీగారి_మనవరాలు
నేను చెప్తాను, కాకపోతే ఊరూ పార్టీ అడగొద్దు. మా తాత ఎనభైల్లో ఒక్కసారి ఎమ్మెల్యే. దానికి ముందు సర్పంచ్ కూడా కాదు, పాల సొసైటీ ప్రెసిడెంటు అంతే. పన్నెండెకరాల మాగాణి, కొంచెం మెట్ట. కొత్తవాళ్ళకి టికెట్లిచ్చిన రోజులు కాబట్టి ఆయనకీ వచ్చింది, గెలిచారు.

గెలిచాక ఇంట్లో మొదట మారింది పొయ్యి. నాయనమ్మ చెప్పేది, తెల్లారి పొయ్యి వెలిగిస్తే రాత్రి దాకా ఆర్పేది లేదంట, వచ్చినవాళ్ళకి కాఫీ, దూరం నుంచి వచ్చినవాళ్ళకి అన్నం. వసారాలో పడుకున్నవాళ్ళ మీద కాలేయకుండా పాల తపేలా పట్టుకుని నడవాలి. అందరూ ఒకే పని మీద వచ్చేవారు, తాత లెటర్‌ప్యాడ్ మీద రెండు ముక్కలు రాయించుకోవడానికి. ఉద్యోగానికి, కాలేజీ సీటుకి, ట్రాన్స్‌ఫర్‌కి, బ్యాంకులో లోనుకి.

ఇక పొలం. అసెంబ్లీ బడ్జెట్‌కి కూర్చునేది సరిగ్గా మిరపకోతలు, మినుము నూర్పిళ్ళ టైము. వానాకాలం సమావేశాలంటే నాట్లు. తాత హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో, మా అత్త ఇక్కడినుంచి ఇన్లాండు లెటరు రాసేది, నాయనమ్మ చెప్తుంటే. అందులో రెండు మూడు ఇంకా మా దగ్గరున్నాయి. ఒకదాంట్లో అచ్చంగా ఇలా ఉంటుంది, "నారు ముదురుతోంది, కాలవ రాలేదు, మీరు అక్కడ అడుగుతున్నారో లేదో". నాకు ఆ వాక్యం చాలా ఇష్టం. రాసింది మొగుడికో ఎమ్మెల్యేకో ఆవిడకే తెలియాలి.

తాత రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి ఇంటికి కూడా రాకుండా చేను మీదకి వెళ్ళేవారు. అది తెలిసి జనం అక్కడే కాపు కాసేవాళ్ళు, గట్టు మీదే దర్బారు. మొదటేడు మిరపకి బొబ్బర తగులుకుంది, చూసి చెప్పేవాడు లేక మొత్తం పోయింది. రెండో ఏడు మెట్ట అమ్మారు, పెళ్ళికని బయటికి చెప్పారు గానీ ఎలక్షన్ అప్పులకి. ఆ తర్వాత మాగాణి అంతా నాయనమ్మే చేయించింది. కూలీల్ని పిలవడం, ఎరువు తెప్పించడం, ధాన్యం కాటా దగ్గర నిలబడటం, అన్నీ. వేలిముద్ర మనిషి, కానీ బస్తాకి తరుగు తీస్తే నోటిలెక్కతో పట్టేసేది. తాత ఓడిపోయి తిరిగొచ్చాక పొలం పని అడిగితే నాయనమ్మ ఆయనకి చెప్పేదంట, ముందు ఈ ఏడు చూస్తూ ఉండండి అని.

గోదారిగట్టు
అబ్బ, "చూస్తూ ఉండండి" 🙏

నల్లరేగడి
అక్కా ఇదే నేను అడిగింది. పాసు పుస్తకం ఎవరి పేరు మీదుంది?

మాజీగారి_మనవరాలు
తాత పేరు మీదే. లోన్లు కూడా ఆయన పేరు మీదే. ఆవిడ పేరు పొలానికి సంబంధించి ఏ కాగితంలోనూ లేదు. ఆడవాళ్ళు సొంతంగా అసెంబ్లీకి వెళ్ళిన కథలూ ఉన్నాయిలెండి, మల్లు స్వరాజ్యం గారు తుంగతుర్తి నుంచి 78లో, 83లో గెలిచారు, తుపాకి పట్టిన మనిషి. మా నాయనమ్మ ఆ టైపు కాదు, కాటా పట్టిన టైపు.

ఆకుమడి
ఎమ్మెల్యేల వ్యవసాయం గురించి నేను కళ్ళారా చూసింది చెప్తా. మా చేలో ఒకాయన నాట్లేశాడు. ఏరువాక ప్రోగ్రాం, పేపరోళ్ళు, టీవీ వాళ్ళు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, తలకి తువ్వాలు చుట్టి, ఒక కట్ట చేతిలో పట్టుకుని ఫొటోలకి నవ్వుతా గుప్పెడు గుప్పెడు గుచ్చుతున్నాడు. ఆయన కారెక్కి ఎల్లిన వెంటనే మా ఆడోళ్ళు దిగి ఆ చెక్కంతా పీకి మళ్ళీ నాటారు, ఒక కుదురుకి రెండు మూడు మొక్కలు పెట్టాల్సింది గడ్డిమోపులాగా గుచ్చాడు మరి. ఆ మళ్ళీ నాటిన కూలి ఎవరిస్తారని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

బెజవాడ_బుల్లోడు
😂😂 నియోజకవర్గ అభివృద్ధి నిధి నుంచి అడగమనండి

పొద్దుతిరుగుడు
పేపర్లో మాత్రం "రైతుబిడ్డగా మారిన ఎమ్మెల్యే" అని పడుంటది

బెజవాడ_బుల్లోడు
జోకులు పక్కనపెట్టి ఒక సూటి ప్రశ్న. రైతుల మోటర్లకి హార్స్‌పవర్‌కి 50 రూపాయల కరెంటు స్లాబు తెచ్చింది ఎవరు? సినిమా యాక్టరు. కరణం మునసబుల్ని 1984లో తీసేసింది ఎవరు? ఆయనే. 2004 మేలో ప్రమాణస్వీకారం రోజే ఉచిత కరెంటు మీద సంతకం పెట్టింది ఎవరు? ఎంబీబీఎస్ డాక్టరు. మంచో చెడో రైతు బతుకుని మార్చిన నిర్ణయాలు ఇవే కదా. మరి అన్నేళ్ళు అసెంబ్లీలో కూర్చున్న రైతు ఎమ్మెల్యేలు ఏం పీకారు? ఎమ్మెల్యే రైతు అయితే ఏంటి డాక్టరయితే ఏంటి, ముఖ్యమంత్రి ఏమనుకుంటే అదే జరుగుద్ది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీ చేస్తే చెయ్యెత్తడమే పని.

గోదారిగట్టు
నువ్వు పైనుంచి చూస్తన్నావ్ బుల్లోడూ, కిందనుంచి చూడు. డెల్టాలో మాకు అసెంబ్లీ కన్నా ముఖ్యమైన మీటింగు నీటిపారుదల సలహా మండలిది. కలెక్టరు, ఇరిగేషన్ ఇంజనీర్లు, ఎమ్మెల్యేలు కూర్చుని కాలవలకి నీళ్ళు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి, దాళ్వాకి, అదే రెండో పంటకి, ఎంత ఆయకట్టుకివ్వాలి అని తేల్చేది అక్కడే. ఆ తేదీ ఓ వారం అటూ ఇటూ అయితే శివారు వాడి పంట గోవిందా.

మా పక్క నియోజకవర్గానికి ఒకప్పుడు ఓ రైతాయన ఉండేవోరు. చదువు పెద్దగా లేదు. ఇంజనీర్లు ఇన్ని వేల క్యూసెక్కులు ఇత్తన్నాం అని చదువుతుంటే ఆయన అడిగేది ఒక్కటే అంట, క్యూసెక్కులు నాకొద్దు, శివారు తూము దగ్గర నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయో చెప్పండి, నేను పొద్దున చూసే వచ్చా అని. ఎవరూ నోరెత్తేవోరు కాదంట. పొట్టమీదున్న చేనుకి ఓ తడి ఎంతో, పాలుపోసుకునేప్పుడు ఆగిపోతే తాలు ఎంత పోద్దో ఆయనకి తెలుసు కాబట్టి బేరం ఆడగలిగేవోరు. చట్టం తేలేదు నిజమే, మా నాన్న దాళ్వా మాత్రం గట్టెక్కించారు. అది తక్కువేం కాదు నా లెక్కలో.

బెజవాడ_బుల్లోడు
ఇది ఒప్పుకుంటా. కానీ ఆ పని మంచి ఇంజనీరు ఉన్నా జరిగేదే.

గోదారిగట్టు
మంచి ఇంజనీరుని ట్రాన్స్‌ఫర్ చేయించేది ఎవరు మరి 🙂

మండ్య_తెలుగు
పక్క రాష్ట్రం ఉదాహరణ ఒకటి. మాది ఎప్పుడో మండ్య వైపు వలసొచ్చిన కుటుంబం. ఇక్కడ రైతసంఘం కె.ఎస్. పుట్టణ్ణయ్య అని ఉండేవారు, భుజమ్మీద ఆకుపచ్చ కండువా. 1994లో పాండవపుర నుంచి గెలిచారు, మళ్ళీ 2013లో మేలుకోటె నుంచి. మధ్యలో దాదాపు ఇరవయ్యేళ్ళు చెరకు ధరలు, కావేరి నీళ్ళు, కరెంటు అంటూ రోడ్డు మీదే. పెద్ద పార్టీల్లో చేరితే మంత్రి అయ్యేవాడని ఇక్కడ అందరూ అంటారు. 2018 ఫిబ్రవరిలో ఎమ్మెల్యేగా ఉండగానే పోయారు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుకునే కొడుకు దర్శన్ వచ్చి 2018లో నిలబడి ఓడిపోయాడు, 2023లో గెలిచాడు.

పొద్దుతిరుగుడు
అంటే రైతు కొడుకు సాఫ్ట్‌వేర్ అయ్యి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ రైతు పార్టీ ఎమ్మెల్యే అయ్యాడు. మా ఇంట్లో మాత్రం నేను ఉద్యోగం మానేస్తా అంటే మా నాన్న కర్ర తీసుకుంటాడు.

పసుపుకొమ్ము
గెల్సుడు ఒక్కటే ఎందుకు చూస్తరు? 2019 పార్లమెంటు ఎలక్షన్ల నిజామాబాదుల మేము ఏం జేసినమో యాదికున్నదా? పసుపు, ఎర్రజొన్న రైతులం 178 మందిమి నామినేషన్ ఏసినం, అందరు కలిపి 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూతుల 12 బ్యాలెట్ యూనిట్లు వరుసకి పెట్టిన్రు, ముసలోళ్ళు గుర్తు ఎతకలేక పరేషాన్. గెలుస్తమని ఏసినమా? పసుపు బోర్డు కావాలె, మద్దతు ధర కావాలె, దేశం చూడాలె అని ఏసినం. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది. బోర్డు 2025 జనవరిల వచ్చింది. ఎమ్మెల్యే అయ్యి అయిదేండ్లు కూసున్నా కాని పని నామినేషన్ కాగితం మీద అయింది.

సీమ_సిన్నోడు
బోర్డు వచ్చ్యా సరే, రేటు వచ్చ్యానా?

పసుపుకొమ్ము
అది అడగకు తమ్మీ

లాయరు_చిట్టి
నిజామాబాద్ కన్నా ముందు 1996లో తమిళనాడు ఈరోడ్ దగ్గర మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకి రైతుల నిరసన వల్ల 1033 మంది పోటీలో నిలిచారు. అప్పుడు డిపాజిట్ 250 రూపాయలు, కాబట్టి నిలబడగలిగారు. ఆ ఏడాదే దాన్ని 5000 చేశారు, ఇప్పుడు అసెంబ్లీకి 10,000, ఎస్సీ ఎస్టీలకి సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే తిరిగిరాదు. గుర్తింపు పొందిన పార్టీ లేకుండా నిలబడితే పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి. ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు, అది కాగితం మీద మాట, అసలు ఎంతవుతుందో మనవరాలు గారి మెట్ట పొలాన్ని అడగండి.

ఇంకో విషయం, నాట్లప్పుడు సభకి పోకపోతే పదవి పోతుందా అని ఎవరికన్నా డౌటుంటే, రాజ్యాంగం 190(4) ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకీ డుమ్మా కొడితే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించొచ్చు. ప్రొరోగ్ అయిన (అంటే సమావేశాలు ముగించేసిన) రోజులు, వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడ్డ రోజులు ఆ 60లో కలపరు. మన అసెంబ్లీలు కూర్చునే లెక్కకి 60 పూర్తవడానికే ఏళ్ళు పడుతుంది, ఈలోపు నాట్లేంటి, కోతలు కూడా అయిపోతాయి.

పొద్దుతిరుగుడు
లాయరుగారూ, ఎమ్మెల్యే అయిన రైతుకి పీఎం కిసాన్ 6000 వస్తయా?

లాయరు_చిట్టి
రావు. ఇప్పటి ఎమ్మెల్యేలకే కాదు మాజీలకి కూడా లేదు, మార్గదర్శకాల్లోనే ఉంది. ఒక్కసారి గెలిస్తే జన్మంతా కట్.

పొద్దుతిరుగుడు
అయితే మా బాబాయి పోటీ చెయ్యడు, ఖాయం

కౌలుకుర్రాడు
అందరూ ఎమ్మెల్యే అయిన రైతు గురించే మాట్లాడుతున్నారు. ఆయన హైదరాబాదో అమరావతో పోయాక ఆ చేలో దిగేవాడి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. నాకు సొంతం సెంటు లేదు, చేసేదంతా కౌలే. మనవరాలు గారి ఇంట్లో నాయనమ్మ ఉన్నారు, చేయించారు. అలాంటి ఆవిడ లేని ఇంట్లో ఏం జరుగుద్ది? పొలం కౌలుకి వెళ్ళుద్ది. అంటే రైతు ఎమ్మెల్యే గెలిచిన మొదటి ఏడాదే రైతు కాస్తా భూమి యజమాని అయిపోతాడు. ఆయన మనసు మంచిదే కావచ్చు, కానీ అప్పటినుంచి ఆయనకి కావాల్సింది వేరు, నాకు కావాల్సింది వేరు. ధాన్యం రేటు పెరిగితే వచ్చే ఏడు కౌలు బస్తాలు పెరుగుతాయి, అది ఆయనకి లాభం నాకు నష్టం.

చట్టాలే చూడండి. 2011లో సాగుదారుల చట్టం, రుణ అర్హత కార్డులు. కార్డు చూపిస్తే బ్యాంకోళ్ళు ఆ సర్వే నంబరు మీద ఓనరు ఆల్రెడీ లోను తీసుకున్నాడు అనేవాళ్ళు. 2019లో ఆంధ్రలో ఇంకో చట్టం తెచ్చారు, పంట సాగుదారు హక్కుల కార్డు, దానికి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెట్టే ఓనరు ఎక్కడున్నాడు? పెడితే భూమి నాదైపోతుందని భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకి సీజనుకి 4000 ఇచ్చారు, అదీ పట్టా ఉన్నవాళ్ళకే, కౌలోడికి రూపాయి లేదు. తుపానుకి పంట పోతే పరిహారం ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ధాన్యం అమ్మాలన్నా ఓనరు పేరు మీదే అమ్మి ఆయన అకౌంట్లో పడ్డాక అడుక్కోవాలి. ఇన్ని సభల్లో ఇంతమంది "వృత్తి వ్యవసాయం" కూర్చుని ఉన్నారు కదా, సంతకం అక్కర్లేకుండా కార్డు ఇవ్వండి అని ఒక్కళ్ళు గట్టిగా నిలబడలేదే? నిలబడరు, వాళ్ళ పొలం కూడా ఎవడో నాలాంటోడే చేస్తున్నాడు కాబట్టి.

పాతపేపర్
ఈ దారంలో అసలు పోస్టు ఇది. నేను ఎగువన చెప్పిన పెద్దవాళ్ళ తరానికీ తర్వాత తరానికీ తేడా ఇక్కడే పడింది. 1973లో భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చి 75 నుంచి అమలైతే, బినామీ పేర్లమీద ఎంత భూమి దాక్కుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. దాచినవాళ్ళూ చట్టం చేసిన సభలో ఉన్నవాళ్ళూ బంధువులే.

బెజవాడ_బుల్లోడు
కౌలుకుర్రాడి పాయింటు బావుంది గానీ ఒకటి, ఓనర్లంతా దొంగలు కాదు. పాత కౌలుదారీ చట్టం 1956ది, దాని కింద కౌలుదారుని ఖాళీ చేయించలేక ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. భయం ఊరికే పుట్టలేదు.

కౌలుకుర్రాడు
భయం ఓనరుది, అప్పు నాది. వడ్డీ ఎంతకి తెస్తున్నామో అడుగు ఒకసారి.

ఇల్లెందు_క్రాస్‌రోడ్
మా దిక్కు పట్టానే లేని పోడు భూములు, కౌలు దాకా పోనేలేదు ఇంకా. ఎమ్మెల్యే మావోడే అయినా ఫారెస్టోళ్ళు కందకాలు తవ్వుడు ఆపలే. గాని అర్ధరాత్రి పోయి తలుపు కొడితే లేచి వచ్చేటోడు ఉండె, అది యాద్కి పెట్టుకుంటరు జనం.

నల్లరేగడి
మనవరాలక్కా, అడక్కూడదేమో గానీ అడుగుతున్నా. ఆ మాగాణి ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

మాజీగారి_మనవరాలు
ఇది వస్తుందని నాకు తెలుసు 🙂 నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడే. ఆవిడ పోయాక నాన్న, ఆయన ఉద్యోగస్తుడు, కుదరక కౌలుకిచ్చేశారు. ఊళ్ళోనే ఒకతను, తాత దగ్గర పనిచేసినాయన కొడుకు, ఏళ్ళుగా అతనే.

కౌలుకుర్రాడు
కార్డు మీద సంతకం పెట్టారా?

మాజీగారి_మనవరాలు
అతను ఎప్పుడూ అడగలేదు.

కౌలుకుర్రాడు
అడగడు అక్కా. అడిగితే వచ్చే ఏడు పొలం వేరేవాడికి పోద్దని భయం. నేనూ మా ఓనర్ని అడగలేదు.

లాయరు_చిట్టి
మనవరాలు గారూ, 2019 చట్టంలో ఒప్పందం 11 నెలలకే. దానివల్ల భూమి మీద యజమాని హక్కులకి ఏమీ కాదు, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మారదు. సాగు చేస్తున్నవాడికి పంట రుణం, బీమా, నష్టపరిహారం అడిగే అర్హత వస్తుంది అంతే. మీ వీఆర్వో దగ్గరే ఫారం ఉంటుంది, మీ నాన్నగారూ అతనూ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. సీజను మొదట్లో అయితే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, అతని పేరే ఎక్కుతుంది, లేటయితే మళ్ళీ ఏడాది ఆగాలి.

మాజీగారి_మనవరాలు
నాన్న ఒప్పుకోవడం కష్టమే, 1956 చట్టం కథలు ఆయనకీ వచ్చు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ 11 నెలల ముక్క చదివి వినిపిస్తా. కౌలుకుర్రాడి పోస్టు కూడా.

బెజవాడ_బుల్లోడు
నా పోస్టులు వినిపించకండి, సంతకం ఆగిపోద్ది

కౌలుకుర్రాడు
లాయరుగారూ అదే ముక్క తేలిగ్గా ఒక పేజీలో రాసి పెడతారా, మా ఓనరు వాట్సాప్ గ్రూపులో ఎవరో తెలియనివాళ్ళు పంపినట్టు వేయిస్తా. ఆయన కూడా మాజీ జడ్పీటీసీయే, వృత్తి వ్యవసాయం.